మనవడి కోసం టైలరింగ్ షాపు మూసెయ్యాలా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. మాది నెల్లూరు, పెళ్లయ్యాక మద్రాసు వచ్చేశాం. పెరంబూరులో 12 ఏళ్లుగా చిన్న బ్లౌజుల షాపు నడుపుతున్నాను. ఇద్దరు అమ్మాయిలు నా దగ్గర పీసు రేటు మీద కుడతారు. వాళ్ల కూలీ, అద్దె, కరెంటు పోను నాకు నెలకు 18 వేల దాకా మిగులుతుంది. మా వారు రిటైరై ఇంట్లోనే ఉంటున్నారు. అబ్బాయి, కోడలు షోళింగనల్లూరులో ఉంటారు. అబ్బాయిది సాఫ్ట్‌వేర్, కోడలు ఒక పెద్ద కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది. మనవడికి ఆరో నెల. వచ్చే నెల కోడలి మెటర్నిటీ లీవు అయిపోతుంది. అక్కడి డేకేర్‌లో నెలకు 12 వేలు అడిగారట. "అంత దండగెందుకు, అమ్మ ఉందిగా" అన్నాడు అబ్బాయి. "నీ కుట్టుపని చిల్లర డబ్బులు, దానికోసం మనవణ్ణి వదులుకుంటావా" అంటున్నారు మా వారు. మన వాళ్లెవరూ పసివాణ్ణి డేకేర్‌లో వెయ్యరని మా ఆడపడుచు. కోడలు ఏమీ అనడం లేదు, మొహం మాత్రం చిన్నబోయి ఉంది. తను ఉద్యోగం మానడం నాకు ఇష్టం లేదు. నా షాపు మూయడమూ ఇష్టం లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్. ఇది నా స్వార్థమా? ఇంకో సంగతి. నా దగ్గర పనిచేసే పెద్దమ్మాయి, షాపు మూసేస్తే మిషన్లు తనకు అమ్మమంటోంది. అమ్మేయనా?
(ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై)

సమాధానం:

అక్కా, ఇది స్వార్థం కాదు. షాపు మూయకండి. మీ కోడలూ ఉద్యోగం మానక్కర్లేదు. మనవణ్ణి చూసుకోవడానికి మీ ఇంట్లో ఇంకా మనుషులున్నారు, డబ్బూ ఉంది. ఆ మనుషులనూ ఆ డబ్బునూ లెక్కలోకి తీసుకోకుండానే మీవాళ్లు తీర్మానం చేసేశారు.

మీరు రాసిన అంకెలే తీసుకుందాం. డేకేర్‌కు నెలకు 12 వేలంటే ఏడాదికి 1,44,000. షాపు మీద మీకు మిగిలేది ఏడాదికి 2,16,000. అంటే 1,44,000 ఖర్చు తప్పించుకోవడానికి మీ కుటుంబం 2,16,000 రాబడి వదులుకోబోతోంది. ఏటా 72 వేలు నష్టం. బాబు బడిలో చేరేదాకా మూడేళ్లు అనుకుంటే, ఆ నష్టమే మీ షాపు ఒక ఏడాది మొత్తం సంపాదనంత అవుతుంది. మీ దగ్గర కుట్టే ఇద్దరమ్మాయిల కూలీ ఇందులో కలపనే లేదు. గోడౌన్ స్ట్రీట్‌లోనో ఇంకెక్కడో మీకు లైనింగ్ గుడ్డ, దారాలు అమ్మేవాళ్ల బేరం కూడా కలపలేదు.

మరి ఇంత తేలిక లెక్క సాఫ్ట్‌వేర్ చదివిన అబ్బాయికి ఎందుకు తట్టలేదు? తను చెడ్డవాడని కాదు. 12 వేలు అతని ఖాతాలోంచి పోతాయి. పోయిన ప్రతి నెలా బ్యాంకు మెసేజ్ వస్తుంది. మీ 18 వేలు రాకుండా పోతే ఎవరి ఫోనుకూ మెసేజ్ రాదు. అమ్మ చేసే పనికి ధర లేదని ఇంట్లో అందరూ అలవాటు పడ్డారు. అందుకే పెద్ద మొత్తం పోతున్నా ఎవరూ దండగ అనలేదు, చిన్న మొత్తం ఖర్చుకు మాత్రం ఆ పేరు పెట్టారు.

షాపు విలువ నెలవారీ మిగులుతో ఆగదు కూడా. బ్లౌజు కుట్టించుకునేవాళ్లు కొలత కుదిరిన చెయ్యి వెతుక్కుంటూ వస్తారు, ఒకసారి కుదిరితే ఇల్లు మారినా అక్కడికే వస్తారు. ఆ చెయ్యి మీది. మూడేళ్లు షట్టరు దించి ఉంటే వాళ్లు ఇంకో చెయ్యి చూసుకుంటారు. 57 ఏళ్ల వయసులో, చూపు కొంచెం తగ్గాక, కొత్త అడ్వాన్సు కట్టి, కొత్త గిరాకీని తెచ్చుకోవడం మీ వల్ల కాదని నేను అనను. కానీ అంత కష్టం మీమీద ఎందుకు పెట్టాలి? "కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టుకో" అనేవాళ్లకు చిన్న వ్యాపారం ఎలా నిలబడుతుందో తెలియదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. "మా వారు రిటైరై ఇంట్లోనే ఉంటున్నారు." మీరు దాన్ని మామూలుగా రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను వెళ్లలేకపోయాను. ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషి ఒకరు, రోజంతా పనిలో ఉన్న మనిషి ఒకరు. బాబును చూడ్డానికి పనిలో ఉన్న మనిషి చేత పని మాన్పించి పంపుతున్నారు. ఏ షాపులో, ఏ ఆఫీసులో పనులు ఇలా పంచుతారు? తాతయ్య పేరు ఎవరి నోటా రాలేదు. మీ నోటా రాలేదు అక్కా, అదీ చూడండి.

ఆయనకు చంటిపిల్లల పని రాదంటారేమో. మీకూ పుట్టుకతో రాలేదు. మొదటి బిడ్డను ఒళ్లో పెట్టుకుని నేర్చుకున్నారు. ఆరు నెలలు దాటిన పిల్లవాడికి ఉగ్గు తినిపించడం, డైపర్ మార్చడం, భుజాన వేసుకుని నిద్రపుచ్చడం ఆరోగ్యంగా ఉన్న ఏ మగవాడైనా వారం పది రోజుల్లో నేర్చుకోగలడు. రోజంతా ఆయన ఒక్కరే చూడాలని నేనూ అనను, అది ఎవరికైనా కష్టమే. పగలు డేకేర్, సాయంత్రం నాలుగింటికి తాతయ్య వెళ్లి తీసుకురావడం, అమ్మానాన్నలు వచ్చేదాకా ఆయన దగ్గర ఉండడం. సోమవారం వెళ్లి శుక్రవారం రాత్రికి పెరంబూరు వచ్చేయవచ్చు. ఊరి ఈ చివరి నుంచి ఆ చివరికి అంత దూరం ఎలా వెళ్తారంటారా? మిమ్మల్ని వెళ్లమన్నప్పుడు దూరం ఎవరికీ గుర్తు రాలేదు కదా.

వచ్చే ఆదివారం ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. అప్పుడు మీకు బలంగా ఉంటుందని కొంచెం పెద్ద లెక్కలు కూడా చెబుతాను. ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు.

ఎవరు రోజును ఎలా గడుపుతున్నారో తెలుసుకోవడానికి కేంద్ర గణాంక శాఖ దేశమంతా సర్వే చేస్తుంది. 2024 సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. ఇంటిపని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. ఈ సగటు ఆ పని చేసేవాళ్లను మాత్రమే తీసుకుని కట్టింది. అసలు ఇంటిపని ముట్టుకునేవాళ్లు ఆడవాళ్లలో నూటికి 80 మందికి పైనే, మగవాళ్లలో నూటికి 30 మంది కూడా లేరు. స్టేట్ బ్యాంకు ఆర్థిక పరిశోధన విభాగం 2023లో ఒక అంచనా కట్టింది. మన ఆడవాళ్లు జీతం లేకుండా చేసే పనికి డబ్బు కడితే ఏడాదికి దాదాపు 22.7 లక్షల కోట్ల రూపాయలు, అంటే దేశ జీడీపీలో (దేశం ఏడాదిలో చేసే మొత్తం ఉత్పత్తి విలువలో) సుమారు 7.5 శాతం అవుతుందని. ఇంతా చేసి ఆ డబ్బు జీడీపీలో లేదు. ఎవరూ ఎవరికీ చెల్లించలేదు కాబట్టి లెక్కలోకి రాదు.

మీలాంటివాళ్లకు ఇంకా దగ్గరగా తగిలే విషయం ఒకటుంది. ఎవరు పనిలో ఉన్నారో లెక్కపెట్టే ప్రభుత్వ సర్వేలో ప్రతి మనిషికీ ఒక కోడ్ వేస్తారు. జీతానికి పనిచేసే మీ కోడలికి 31 వేస్తారు. మనుషులను పెట్టుకుని సొంత షాపు నడిపేవాళ్లకు 12. మీరు షాపు మూసి మనవడి దగ్గర కూర్చున్న రోజు మీకు 92 పడుతుంది, ఇంటిపని మాత్రమే చేసేవారని. 93 అని ఇంకో కోడ్ ఉంది. ఇంటిపనితో పాటు ఇంటి వాడకానికి కుట్టుపని, అల్లికపని లాంటివి చేసేవాళ్లకు అది. మీ చేతిలో అదే కత్తెర, కాలికింద అదే మిషను. బయటివాళ్ల బ్లౌజు కుడితే మీరు దేశ శ్రామికుల్లో ఒకరు, మనవడికి చొక్కా కుడితే కారు. 92, 93 వాళ్లు శ్రామికశక్తి లెక్కలో ఉండరు. పనిలో ఉన్నవాళ్లనూ, పని వెతుక్కుంటున్నవాళ్లనూ మాత్రమే అందులో కలుపుతారు. 2023-24లో పట్టణాల్లో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో శ్రామికశక్తిలో ఉన్నది నూటికి 28 మంది. మగవాళ్లలో 75 మందికి పైనే. ఆ మిగతా 72 మంది ఆడవాళ్లూ ఖాళీగా కూర్చున్నారని ఎవరైనా అనగలరా? చదువుకునేవాళ్లూ, పెద్ద వయసువాళ్లూ పోగా తక్కువలో తక్కువ సగం ఇళ్లలోనైనా మీ ఇంట్లో జరిగిన మాటల్లాంటివే జరిగి ఉంటాయని నాకు అనిపిస్తుంది. "అమ్మ ఉందిగా." "కోడలు మానేస్తుందిలే." అలా ఒక్కొక్క ఇంట్లో ఏడాదికి 72 వేలో, రెండు లక్షలో పోతూ ఉంటే దేశం నష్టపోయేది వేల కోట్లలోకి వెళ్తుంది. దానికి పెద్ద కుట్ర ఏమీ అక్కర్లేదు, వంటింట్లో నిలబడి చేసిన ఇలాంటి తీర్మానాలు చాలు.

కోడలి సంగతికి వస్తాను. మీరు "నేను రాను" అనగానే ఇంట్లో వినబడే మొదటి మాట "అయితే అమ్మాయి మానెయ్యాలి" అని. దాంతో ఇది అత్తాకోడళ్ల తగాదా అయిపోతుంది, మగవాళ్లిద్దరూ పక్కకు జరిగి మధ్యవర్తులవుతారు. అందుకని ఆదివారానికి ముందే మీ కోడలితో ఒక్కదానితో మాట్లాడండి. ఆ అమ్మాయి మొహం ఎందుకు చిన్నబోయిందో నేను ఊహించగలను. తన జీతం నిలబడాలంటే అత్తగారి షాపు పోవాలని అందరూ అంటుంటే, ఏం మాట్లాడినా తప్పే అవుతుందని ఊరుకుని ఉంటుంది. "నీ ఉద్యోగం ఉండాలి, నా షాపూ ఉండాలి, మనిద్దరం ఒక మాట మీద ఉందాం" అని మీరే ముందు అనండి. ఆ మాట మీ నోటినుంచి రావడానికి ఉన్న విలువ వేరు.

తన ఉద్యోగం ఎందుకు ఉండాలో కూడా మీకు తెలిసి ఉండాలి. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న క్లాడియా గోల్డిన్ అమెరికాలో ఆడవాళ్ల సంపాదన గురించి 200 ఏళ్ల లెక్కలు తవ్వి తీసింది. ఈ రోజుల్లో ఒకే చదువు, ఒకే రకం ఉద్యోగం ఉన్న ఆడా మగా సంపాదనల మధ్య తేడా చాలావరకు మొదటి బిడ్డ పుట్టాకే మొదలవుతోందని తేల్చింది. అంటే సరిగ్గా మీ కోడలు ఇప్పుడున్న చోట. ఈ రెండు మూడేళ్లు ఆమె నిలబడితే ఆ తర్వాతి 25 ఏళ్ల జీతం, పీఎఫ్, ప్రమోషన్లు నిలబడతాయి. మానేస్తే పోయేది ఈ మూడేళ్ల జీతం మాత్రమే అనుకుంటారు. మళ్లీ చేరేటప్పుడు తన కంటే వెనక చేరినవాళ్ల కింద, తక్కువ జీతానికి చేరాల్సి వస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఉద్యోగం పోయినా, జబ్బు చేసినా రెండో జీతం ఉన్న ఇల్లు తట్టుకున్నట్టు ఒక్క జీతం ఇల్లు తట్టుకోలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు మనుషులను తీసేస్తున్న రోజుల్లో ఇది మీ అబ్బాయికి నేను చెప్పక్కర్లేదు.

డేకేర్ ఖర్చు విషయంలో ఒక్క పట్టు పట్టండి. దాన్ని కోడలి జీతంలోంచి తీసివేసి "ఇంకేం మిగిలింది" అనే లెక్క ఎవరినీ వెయ్యనివ్వకండి. బిడ్డ ఇద్దరిదీ, ఖర్చూ ఇద్దరిదీ. ఇంటి అద్దెను ఆమె జీతంలోంచి మాత్రమే తీయరు కదా.

చట్టం కూడా ఇక్కడ మీకు సాయం వస్తుంది. మెటర్నిటీ చట్టాన్ని 2017లో సవరించినప్పుడు సెలవును 26 వారాలకు పెంచారు. దాంతోపాటే, 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ పిల్లల సంరక్షణ కేంద్రం ఏర్పాటు చెయ్యాలన్నారు. సొంతంగానైనా పెట్టవచ్చు, ఇంకొకరితో కలిసైనా నడపవచ్చు. ఆ 50లో ఆడవాళ్లూ మగవాళ్లూ అందరూ లెక్కే. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే వీలు కూడా ఇవ్వాలి. మీ కోడలిది పెద్ద కంపెనీ అన్నారు. హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ రాసి అడగమనండి, నోటిమాటగా వద్దు. అబ్బాయినీ తన ఆఫీసులో అడగమనండి. చాలామంది మగవాళ్లు ఆ ప్రశ్న ఎప్పుడూ అడిగి ఉండరు.

సెలవు సంగతి కూడా అంతే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజుల సెలవుంది. ప్రైవేటులో పనిచేసే తండ్రికి చట్టం ఒక్క రోజు కూడా తప్పనిసరి చెయ్యలేదు, కంపెనీ ఇష్టం. తల్లికి 26 వారాలు, ఈఎస్ఐ వర్తించని ఉద్యోగులకు ఆ జీతమంతా కంపెనీయే భరించాలి, తండ్రికి ఏమీ లేదు. ఇలా రాసిపెట్టి, పెళ్లీడు అమ్మాయిలను ఉద్యోగంలోకి తీసుకోవడానికి కంపెనీలు ఎందుకు జంకుతున్నాయని అడగడంలో అర్థం లేదు. తండ్రులకూ చట్టపరంగా సెలవు రావాలి, తల్లి సెలవు ఖర్చులో ప్రభుత్వమూ వాటా పంచుకోవాలి. నా మనసులో మాట ఇది. ఆ చట్టం వచ్చేలోపు మీ అబ్బాయి తన దగ్గరున్న సెలవుల్లోంచి రెండు వారాలు తీసుకుని, కోడలు చేరిన మొదటి రెండు వారాలు బాబును తనే డేకేర్‌కు అలవాటు చెయ్యవచ్చు. మొదటి రోజులు బాబు ఏడుస్తాడు, జలుబులు, జ్వరాలు వస్తాయి. ఆ రోజుల్లో ఎవరు సెలవు పెట్టాలో ముందే వంతులు రాసుకోమనండి. రాసుకోకపోతే ప్రతిసారీ ఫోను మీకే వస్తుంది.

డేకేర్ చూసేటప్పుడు గోడలమీద బొమ్మలు చూసి మోసపోకండి. ఏడాదిలోపు పిల్లలు ఎంతమందికి ఒక ఆయా ఉందో అడగండి. తల్లిపాలు తెచ్చి ఇస్తే ఫ్రిజ్‌లో పెట్టి పడతారా, చెప్పకుండా మధ్యాహ్నం వెళ్తే లోపలికి రానిస్తారా అని కనుక్కోండి. ఆయాలకు జీతం సరిగ్గా ఇస్తున్నారా అన్నదీ అడగండి. జీతం చాలని చోట ఆయాలు నెలనెలా మారిపోతారు, పసిపిల్లలు తెలిసిన మొహం కోసం వెతుక్కుంటారు. వాళ్లూ మీలాగా ఇల్లు గడుపుకోవడానికి వచ్చిన ఆడవాళ్లే.

మన వాళ్లెవరూ డేకేర్‌లో వెయ్యరన్న మీ ఆడపడుచుగారికి దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను గుర్తు చెయ్యండి. రాజమండ్రి అమ్మాయి, మన మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. చదువు ఆగిపోయిన ఆడవాళ్లను పరీక్షలకు చదివించడంతో మొదలైన పని అది. తర్వాత 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమే తొలి అధ్యక్షురాలు. ఆ బోర్డు సాయంతో ఎన్నో ఊళ్లలో బాల్వాడీలు, అంటే పసిపిల్లల బడులు నడిచాయి. తల్లి పనికి వెళ్తే బిడ్డను చూసుకునే చోటు ఊరే ఏర్పాటు చెయ్యాలన్న ఆలోచన మన పెద్దవాళ్లకు 70 ఏళ్ల కిందటే ఉంది.

ఇక మీ వారు అన్న చిల్లర డబ్బుల మాట. ఆయనతో గొడవ పెట్టుకోమని చెప్పను. ఈ రెండు తీర్పులు మాత్రం చెప్పండి. 2021 జనవరిలో సుప్రీంకోర్టులో ఒక ప్రమాద నష్టపరిహారం కేసు వచ్చింది. చనిపోయిన గృహిణికి సంపాదన లేదు కాబట్టి ఆమె పేరున ఏం కట్టాలన్న ప్రశ్న. మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ అందులో విడిగా తన అభిప్రాయం రాశారు. గృహిణుల పనికి ఆర్థిక విలువ లేదనుకోవడం తప్పని, దాన్ని లెక్కగట్టి తీరాలని చెప్పారు. రెండో తీర్పు 2023 జూన్‌లో మన మద్రాసు హైకోర్టుది. భర్త సంపాదనతో కొన్న ఆస్తిలో, ఇల్లు నడిపి పిల్లలను పెంచిన భార్యకు సమాన వాటా ఉంటుందని జస్టిస్ కృష్ణన్ రామసామి తీర్పు చెప్పారు. ఆమె ఇంట్లో అంత చెయ్యబట్టే అతను బయట సంపాదించగలిగాడన్నది అందులోని వాదన. ఇంటిపట్టున ఉన్న మనిషికే కోర్టు ఇంత విలువ కట్టిందంటే, ఇల్లూ చూసుకుని షాపూ నడిపిన మీ సంగతేమిటి?

మీ షాపు డబ్బు ఎవరి ఖాతాలో పడుతోందో మీరు రాయలేదు. చాలా ఇళ్లలో ఆడవాళ్ల షాపుల్లో అతికించిన క్యూఆర్ కోడ్ భర్తదో కొడుకుదో ఉంటుంది. మీదీ అలాంటిదే అయితే ఈ వారంలోనే మార్చండి. మీ పేరున, మీ ఫోను నంబరు మీద ఖాతా తెరిచి, దాని క్యూఆర్ పెట్టండి. మధ్యప్రదేశ్‌లో ఎరికా ఫీల్డ్, రోహిణీ పాండే, వాళ్ల తోటి ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఉపాధి హామీ కూలీని కొన్ని ఊళ్లలో ఆడవాళ్ల సొంత ఖాతాల్లోనే వేయించి, ఖాతా వాడుకోవడం ఎలాగో నేర్పించారు. ఆ ఆడవాళ్లు ఉపాధి పనికే కాక బయటి పనులకూ ఎక్కువగా వెళ్లారు. ఆడవాళ్లు పనికి వెళ్లడం గురించి ఇంట్లో, ఊళ్లో ఉన్న అభిప్రాయాలూ కొంత మెత్తబడ్డాయి. సొమ్ము ఎవరి ఖాతాలో పడిందన్న చిన్న తేడాకే అంత మార్పు వచ్చింది. మీ ఇంట్లోనూ నెలాఖరున 18 వేలు మీ పాస్‌బుక్‌లో కనబడితే చిల్లర అనే మాట అంత తేలిగ్గా రాదు. ఖాతా ఉంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) కూడా చేయించుకోండి, ఆధార్, పాన్ ఉంటే ఉచితంగా అవుతుంది, రేపు చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్ర రుణం అడగాలంటే పనికొస్తుంది.

మీకు పెన్షన్ లేదు. మీ ముసలితనానికి ఆధారం ఈ షాపే. నెలకు నాలుగైదు వేలైనా విడిగా పక్కన పెట్టండి, పోస్టాఫీసు ఆర్‌డీ అయినా సరే, జాతీయ పెన్షన్ పథకం ఎన్‌పీఎస్ అయినా సరే. ఎన్‌పీఎస్‌లో ఈ వయసులోనూ చేరవచ్చు. అబ్బాయి చూసుకుంటాడన్న నమ్మకం ఉండనివ్వండి, డబ్బు కూడా ఉండనివ్వండి.

ఆదివారం ఏం మాట్లాడాలంటే, మొదట లెక్క కాగితం మీద రాసి అబ్బాయి చేతికివ్వండి. 12 వేలు, 18 వేలు, రెండూ పక్కపక్కన. తర్వాత ఇలా అనండి. "నాన్నా, నీ కొడుకంటే నాకు ప్రాణం. అమ్మమ్మ నాయనమ్మలు రోజంతా చూడకపోతే పిల్లలు పెరగరా? నేను నెలలో రెండు శనివారం రాత్రులు వచ్చి ఉంటాను. తమిళుల ఆడి మాసంలో పెళ్లిళ్లు ఉండవు, పెళ్లి బ్లౌజులూ ఉండవు, అప్పుడు పది రోజులు వస్తాను. వాడికి ఒంట్లో బాగోకపోతే మీ ఇద్దరి తర్వాత, మీ నాన్న తర్వాత నాకు ఫోను చెయ్యి." అంతే. నేనేం తప్పు చేశాను అంటూ సంజాయిషీలోకి దిగకండి, కన్నీళ్లు పెట్టుకోకండి. మీవారు అలిగితే అలగనివ్వండి, మనవడు ఒళ్లోకి వచ్చాక ఎక్కువ రోజులు ఉండదు ఆ అలక.

ఒకవేళ అన్నీ ఆలోచించుకున్నాక మీకే మనవడి దగ్గర ఉండాలని బలంగా అనిపిస్తే, అదీ గౌరవమైన నిర్ణయమే. అప్పుడు కూడా ఆ 12 వేలు ప్రతి నెలా మీ ఖాతాలో వెయ్యమనండి. కొడుకును డబ్బడగడం ఏమిటని సంకోచించకండి. మీ రాబడి ఆగిపోతుంది, మీ పెద్ద వయసుకు దాచుకునేది ఆగిపోతుంది, ఆ లోటు ఎవరో ఒకరు పూడ్చాలి. ఎంతకాలమో కూడా ముందే అనుకోండి.

మిషన్లు అమ్మకండి. మీ దగ్గర పనిచేసే పెద్దమ్మాయి వాటిని కొనడానికి ముందుకొచ్చిందంటే ఆ అమ్మాయికి ధైర్యమూ ఉంది, పని మీద నమ్మకమూ ఉంది. అలాంటి మనిషిని పీసు రేటు మీదే ఉంచితే ఎప్పుడో ఒకప్పుడు వెళ్లిపోతుంది. కటింగ్ పూర్తిగా నేర్పించండి. నెల మిగులులో కొంత వాటా ఇస్తానని చెప్పి, ఆ మాట కాగితం మీద పెట్టండి. మీరు షోళింగనల్లూరు వెళ్లిన శనివారాలు, ఆడి మాసం పది రోజులు షాపు ఆమె చూసుకుంటుంది. పెళ్లిళ్ల సీజన్లో ఇంకో మిషను వేసుకోవచ్చు. ఈ రోజుల్లో ఆరి వర్క్ ఎంబ్రాయిడరీకి గిరాకీ బాగుంది, ఆమెకు నేర్చుకోవాలని ఉంటే ఫీజు షాపు డబ్బుల్లోంచి కట్టండి. రెండో అమ్మాయికి కూడా విషయం చెప్పండి, షాపు మూయడం లేదని. మీ ఇంట్లో మాటలు విని ఆ పిల్ల ఇప్పటికే ఇంకో చోట పని వెతుక్కుంటూ ఉండవచ్చు.